ఏనుగు సంగతి తర్వాత, ముందు తోక సంగతి

డాలస్ దగ్గర మా ఇంటి గరాజ్‌లో ఆర్వీ-7 అనే రెండు సీట్ల విమానాన్ని కిట్ తెప్పించుకుని ఏడేళ్ళు కట్టానని రెండు నెలల కిందట ఈ పేజీలోనే రాశాను. ఎవరైనా సరే కట్టడం తోకతోనే మొదలుపెడతారని అందులో ఒక్క ముక్క అన్నాను. మిగతా వ్యాసం ఎవరికీ పట్టినట్టు లేదు, ఉత్తరాలన్నీ ఆ ఒక్క ముక్క మీదే వచ్చాయి. ఏనుగు వెళ్ళాక తోక చిక్కడం మనకి తెలిసిందే. ఇక్కడ ఏనుగు ఇంకా బయల్దేరనే లేదు, తోక చిక్కి కూర్చుంది. కాబట్టి ఈ నెల జవాబులన్నీ తోకకే. తోకలో అడ్డంగా కదలకుండా ఉండేది హారిజాంటల్ స్టెబిలైజర్, దాని వెనక కీళ్ళ మీద పైకీ కిందకీ ఆడేవి ఎలివేటర్లు. నిలువుగా నిలబడేది వర్టికల్ స్టెబిలైజర్, దాని వెనక పక్కలకి ఆడేది రడ్డర్. వీటి లోపల దూలంలా పొడుగునా ఉండేది స్పార్, అన్నిటినీ కలిపి బిగించే అల్యూమినియం మేకులు రివిట్లు.

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. పోయినేడాది నేనూ ఆర్వీ-7 తోక కిట్ తెప్పించాను. హారిజాంటల్ స్టెబిలైజర్ వెనక స్పార్‌కి రివిట్లు కొట్టాను. ఇరవైలో ఆరు కుదరలేదు. రెండు ఒక పక్కకి ఒరిగాయి, మూడు బాగా అణిగిపోయాయి, ఒకటి ఎత్తుగా ఉండిపోయింది. ఒరిగినవాటిలో ఒకదాన్ని డ్రిల్లుతో తీశాను. తీసేసరికి బెజ్జం పెద్దదైంది. మిగతా ఐదూ కూడా తీసెయ్యనా? ఇది తోక కదా, గాల్లో ఊడితే ఏమిటి గతి అని రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. (ఒక పాఠకుడు, ఆస్టిన్)

జవాబు: తమ్ముడూ, ముందు ఆ డ్రిల్లు కింద పెట్టు. ఐదూ తీయకు. మహా అయితే ఒకటి తీయాల్సి రావచ్చు, అదీ కొలిచాకే.

రివిట్ మంచిచెడ్డలు కంటితో తేల్చకూడదు. ప్రతి రివిట్‌కీ రెండు తలలు. ఒకటి పుట్టుకతో వచ్చింది, రెండోది అవతలి పక్క మనం నలగ్గొట్టి చేసింది. మనం చూడాల్సింది ఈ రెండోదాన్ని. దాని వెడల్పు కాడ లావుకి ఒకటిన్నర రెట్లు, ఎత్తు కాడ లావులో సగం ఉండాలి. స్పార్‌లో నువ్వు కొట్టినవి 1/8 అంగుళంవి కాబట్టి వెడల్పు 4.8 మిల్లీమీటర్లు, ఎత్తు 1.6 ఉంటే చాలు. దీనికి బెజ్జాలున్న చిన్న రేకు గేజి దొరుకుతుంది. నాలుగైదు డాలర్ల వస్తువు. అది జేబులో లేకుండా గరాజ్‌లో అడుగు పెట్టకు.

ఇప్పుడు నీ ఐదింటి లెక్క. ఎత్తుగా ఉండిపోయినదాన్ని తీయడమెందుకు, ఇంకో రెండు దెబ్బలు వేస్తే అదే దిగుతుంది. అణిగిపోయిన మూడిటి అంచులు భూతద్దంతో చూడు. చీలికలు లేకపోతే, ఎత్తు మరీ కాగితమంత పల్చగా లేకపోతే, వాటి మానాన వాటిని వదిలెయ్యి. ఇక ఒరిగింది ఒకటి మిగిలింది. ఆ తల బెజ్జాన్ని చుట్టూరా కప్పిందా? కప్పితే ఒరిగినా పరవాలేదు. ఒక పక్క బెజ్జం అంచు కనబడుతోందా? అప్పుడు తీయి.

ఇంత ధీమాగా చెబుతున్నానంటే తప్పుచేసి నేర్చుకున్నాననే. మొదటి వారంలో నేను ముందు స్పార్‌లో పదకొండు రివిట్లు పీకాను. ఒక్కటీ కొలిచి పీకింది కాదు, నచ్చక పీకాను. ఆరోదాని దగ్గర డ్రిల్లు జారింది. పాత బెజ్జం పక్కనే కొత్త బెజ్జం పడి, రెండూ కలిసి జంట అరటిపండులా తయారయ్యాయి. దాన్ని సరిచేయబోయి ఇంకోటి. చివరికి ఆ స్పార్ ముక్క మళ్ళీ కొనుక్కున్నాను. అప్పటికే పాతదాని మీద ఇంకో ఎనిమిదింటికి ఎర్ర మార్కరుతో గుర్తులు పెట్టుకుని ఉన్నాను, తర్వాత పీకుదామని. ఇంటి దగ్గర విమానాలు కట్టుకునేవాళ్ళకి ఇక్కడ ఈఏఏ అని 1953లో పుట్టిన సంఘం ఉంది. దాని తరఫున అనుభవమున్న సభ్యులు ఇంటికొచ్చి పని చూసి పెడతారు, డబ్బు తీసుకోరు. అలా వచ్చిన పెద్దాయన ఒకరు నా ఎర్ర గుర్తులన్నిటి మీదా గేజి పెట్టారు. ఎనిమిదిలో ఏడు పాసు. ఏమీ అనలేదు. గేజి నా చేతిలో పెట్టి, మార్కరు తన జేబులో వేసుకుని వెళ్ళిపోయారు.

మా నాన్నది విజయవాడ ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డు. సెలవుల్లో నా పని అక్కడే. కొత్త కుర్రాడు సుత్తి పట్టుకుంటే చూసేవాడు కాదు ఆయన, అటు తిరిగి లెక్కలు రాసుకుంటూ వినేవాడు. దెబ్బ శబ్దం మారినప్పుడు మాత్రం "చాల్రా" అనేవాడు. అల్యూమినియం రివిట్ కూడా అంతే. మొదట మెత్తగా పలుకుతుంది, దిగాక గట్టిగా, పొడిగా పలుకుతుంది. కుర్రాళ్ళు ఎప్పుడూ ఆ "చాల్రా" తర్వాత ఇంకో దెబ్బ వేసేవాళ్ళు. ముప్ఫై ఏళ్ళ తర్వాత నేనూ వేశాను.

సరే, నిజంగా తీయాల్సిందే అయితే ఇలా తీయి. పుట్టు తల నడిమధ్యన ఆవగింజంత గుంట ఉంటుంది. మనం వాడే రకం అల్యూమినియం రివిట్‌కి అది గుర్తు, డ్రిల్లు నిలవడానికీ పనికొస్తుంది. దాన్ని సెంటర్ పంచ్‌తో ఇంకొంచెం లోతు చెయ్యి. 1/8 రివిట్‌కి 30 నంబరు బిట్, సన్నవాటికి 40 నంబరు. తల మందం వరకే తొలువు, కాడలోకి వెళ్ళకు. పిన్ పంచ్ దూర్చి పక్కకి వంచితే టోపీ ఊడినట్టు తల ఊడుతుంది. అవతలి పక్క బెజ్జమున్న చెక్క ముక్క ఆనించి, కాడని పంచ్‌తో చిన్నగా తట్టి దించు. రాకపోతే కోపం తెచ్చుకోకు. కాడ మధ్యలో సన్న బిట్‌తో తొలిస్తే వదులవుతుంది, అప్పుడొస్తుంది.

బెజ్జం పెద్దదైందన్నావు. ఎంత పెద్దది? గుండ్రంగానే ఉంటే ఒక సైజు లావు రివిట్ వెయ్యొచ్చు. అయితే బెజ్జం నడిమి నుంచి రేకు అంచుకి రివిట్ లావుకి రెండింతల దూరం తప్పనిసరి. అది లేకపోతే కిట్ ప్లాన్లు పంపినవాళ్ళని అడగకుండా ముందుకు పోకు. ముందు ముందు పై రేకుల దగ్గర, తల రేకులో కలిసిపోయే సన్న రివిట్లతో కూడా నీకు ఇదే అవస్థ వస్తుంది. వాటికోసం తల చిన్నగా, కాడ లావుగా ఉండే రకం ఒకటుంది. ఇక్కడివాళ్ళు దాన్ని ముద్దుగా "ఊప్స్ రివిట్" అంటారు. ఒక డబ్బా తెప్పించి పెట్టుకో, సిగ్గుపడాల్సిన పని లేదు. అందరి షెల్ఫులోనూ ఉంటుంది, పైకి చెప్పరు.

ఇంకోటి. రాత్రి పది దాటాక రివిట్లు కొట్టు, కావాలంటే. పీకడం మాత్రం పొద్దున్నే పెట్టుకో.

ప్రశ్న: అయ్యా, మావారు మీ వ్యాసం నాకు చదివి వినిపించి మరీ గరాజ్ ఆక్రమించారు. కారు మంచులో ఉంది. ఇప్పుడు నన్ను కూడా ఒక ఇనుప దిమ్మ పట్టుకుని రేకు వెనక కూర్చోమంటున్నారు. నేనెందుకు కూర్చోవాలి? అసలు ఈ తోక ఎన్నాళ్ళు పడుతుంది? (ఒక పాఠకురాలు, న్యూజెర్సీ)

జవాబు: అమ్మా, కారు విషయంలో క్షమాపణ. నాకు తోకకి పట్టింది 190 గంటలు. శని ఆదివారాలూ, పిల్లలు పడుకున్నాక కాసేపూ కలిపి, దసరాకి మొదలుపెడితే మళ్ళీ ఉగాది దాటింది. మీవారు పదకొండు నెలలు అన్నారనుకోండి, అదీ మామూలే.

ఇనుప దిమ్మ సంగతి చెప్తాను. రేకుకి ఇవతలి పక్క రివిట్ గన్. అది కంప్రెసర్ గాలితో టకటకా కొట్టే సుత్తి. అవతలి పక్క ఎవరో ఒకరు ఆ దెబ్బకి ఎదురు నిలబడాలి. కమ్మరి కొలిమిలో దాగలి చేసే పని అదే. గన్ పట్టినవాడికి రివిట్ పుట్టు తల తప్ప ఏమీ కనబడదు. రివిట్ దిగుతోందో, ఒరుగుతోందో తెలిసేది దిమ్మ పట్టిన చేతికే. అంటే మీవారు మిమ్మల్ని సాయానికి పిలవడం లేదు. తీర్పు చెప్పడానికి పిలుస్తున్నారు. ఆయనకీ ఈ సంగతి తెలిసి ఉండకపోవచ్చు.

మా ఆవిడ అకౌంటెంటు. మొదటిరోజు చెవులకి మఫ్లు పెట్టుకున్నాక ఒకరి మాట ఒకరికి వినబడక గొడవ. నేను "రెడీనా?" అంటే ఆవిడ "ఏంటీ?" అనేది. నాకది "ఊఁ" అని వినబడేది, గన్ నొక్కేవాణ్ణి. దిమ్మ ఇంకా రివిట్ మీద లేదు. రివిట్ తల జారి రేకు మీద నెలవంకలా ఒక నొక్కు పడింది. వర్టికల్ స్టెబిలైజర్ ఎడమ వైపు, కింద నుంచి మూడో వరసలో. రంగు వేశాక కూడా పక్క వెలుతురులో కనబడుతుంది. ఆ రోజు నుంచి మాటలు మానేసి తట్టడం పెట్టుకున్నాం. దిమ్మతో రేకుని ఒకసారి తడితే కొట్టమని, రెండుసార్లు తడితే బాగుందని, మూడుసార్లు తడితే చెడిందని. రెండు తట్లు వినడానికి నేను పడ్డ ఆరాటం పదో తరగతి ఫలితాలకి కూడా పడలేదు. ప్లాను కాగితం అంచున ఆవిడ పెన్సిల్‌తో గీతలు పెట్టేది, మంచివి ఒక పక్క, చెడ్డవి ఇంకో పక్క. అయిదయిదుగా కట్టలు కట్టి. ఆ కాగితం నా దగ్గర ఇంకా ఉంది. చెడ్డవి ముప్ఫై ఏడు.

దిమ్మ ఉక్కుది అయితే చెయ్యి నొప్పెడుతుంది. టంగ్‌స్టన్‌ది కొనిపించండి. అదే సైజులో రెట్టింపుకి పైగా బరువుంటుంది, రేకు వెనక ఇరుకు సందుల్లో సబ్బుబిళ్ళంత ముక్క దూరినా పని చేస్తుంది. ఖరీదెక్కువ. కారు మంచులో ఉన్నందుకు జరిమానా అనుకోమనండి. కాలి మీద పడకుండా చూసుకోండి. అంచుల్లో ఉండే రివిట్లకి మాత్రం మీరు అక్కర్లేదు. పట్టుకారులా రెండు వైపులా నొక్కే స్క్వీజర్‌తో ఆయన ఒక్కరే చేసుకోవచ్చు. తోకలో అలాంటివి చాలానే ఉంటాయి. ఈ ముక్క ఆయన మీకు చెప్పి ఉండరు.

ప్రశ్న: సార్, నేను హైదరాబాద్‌లో ఏరోనాటికల్ బీటెక్ రెండో సంవత్సరం. విమానంలో ప్రతి గ్రామూ తగ్గించాలని మాకు చెప్తారు. మీ ఫొటోలో ఎలివేటర్ చివర సీసం ముద్ద బిగిస్తున్నారు. సీసమా? ఎందుకు? (ఒక విద్యార్థిని)

జవాబు: మంచి ప్రశ్న అడిగావమ్మా. మీ మాస్టార్లు చెప్పింది నిజమే, సీసమూ నిజమే.

రైల్వే గేటు చూశావుగా. పొడుగు చెయ్యి రోడ్డు మీద ఉంటుంది, పొట్టి చేతికి ఇనుప బరువులు వేలాడుతుంటాయి. ఎలివేటర్ అచ్చం అదే. స్టెబిలైజర్‌కి వెనక కీళ్ళ మీద వేలాడే రెక్క అది, బరువంతా కీలుకి వెనకే. సీసం లేకుండా కట్టి వదిలిపెడితే వెనక అంచు కిందకి వాలిపోతుంది. నేల మీద దానివల్ల ఏ నష్టమూ లేదు. గాల్లోనే చిక్కు. గాలి కుదుపుకి తోక ఒక్కసారి పైకి లేచిందనుకో, బరువైన వెనక భాగం ఉన్నచోటే ఉండాలని చూస్తుంది, కాబట్టి ఎలివేటర్ కిందకి తిరిగినట్టవుతుంది. కిందకి తిరిగిన ఎలివేటర్ తోకని ఇంకా పైకి నెడుతుంది. తోక వంగి వెనక్కి వచ్చేటప్పుడు ఇదే తలకిందులుగా జరుగుతుంది. ఊగే ఉయ్యాలని ఎవరో సరైన సమయానికి తోస్తున్నట్టు. వేగం ఎక్కువగా ఉంటే ఆ తోసే చెయ్యి గాలిదే. మీ పుస్తకంలో ఫ్లటర్ అని ఉంటుంది చూడు, అది ఇదే. క్షణాల్లో తోక చీలికలు పేలికలైపోతుంది. పైలట్‌కి ఆలోచించే వ్యవధి కూడా ఉండదు.

అందుకే ఎలివేటర్ బయటి చివర కొమ్ములా ముందుకు పొడుచుకొచ్చిన భాగంలో, కీలుకి ముందర సీసం పెడతాం. కీలుకి ఎంత దూరంగా పెడితే అంత తక్కువ బరువు సరిపోతుంది. గ్రాములు తగ్గించడం అక్కడ కూడా చూశారన్నమాట.

కట్టేవాళ్ళు ఎక్కువగా తప్పు చేసేది తర్వాత, రంగు దగ్గర. రేకు మందం నా కిట్‌లో 0.4 మిల్లీమీటర్లే, అంత పల్చటి రేకు మీద రంగుకి కూడా లెక్కకొచ్చే బరువుంటుంది, అందులో ఎక్కువ భాగం కీలు వెనకే పడుతుంది. రంగు వేశాక కీళ్ళ మీద వేలాడదీసి మళ్ళీ తూచాలి. నేను రెండు పూతలు ఎక్కువ వేయించి, తూచితే వెనక్కి వాలింది. ఇంకొంచెం సీసం కలిపాను.

ప్రశ్న: అన్నా, రడ్డర్ వెనక అంచు వంకర పోయింది. నిలబెట్టి చూస్తే పాములా ఉంది. మళ్ళీ నొక్కితే సరవుతుందా? (ఒక పాఠకుడు, షార్లట్)

జవాబు: కుక్క తోక సంగతి నీకు వేరే చెప్పాలా. రివిట్లు పడ్డాక ఆ అంచు నిటారు కావడం దాదాపు కల్ల. చిన్న వంకర అయితే రెండు చెక్కల మధ్య పెట్టి మెల్లగా నొక్కి చూడు. పెద్దదైతే కొత్త రేకులు తెప్పించు.

రెండోసారి కట్టేటప్పుడు పనంతా రివిట్ గన్ పట్టకముందే అయిపోవాలి. రెండు రేకుల మధ్య సన్నటి ముక్కోణపు అల్యూమినియం బద్ద ఉంటుంది కదా. దానికి రెండు వైపులా పెట్రోలు ట్యాంకులకి వాడే ప్రో-సీల్ అనే జిగురు పూయి. నల్లగా, జీడి అంటుకున్నట్టు అంటుకుంటుంది, చొక్కా పోతుంది, వాసన మూడు రోజులు ఇంట్లో ఉంటుంది, చేతి తొడుగులు పెట్టుకో. ఆ తర్వాత అంచు పొడుగునా ఒక గట్టి అల్యూమినియం యాంగిల్ (ఎల్ ఆకారపు బద్ద) పెట్టి, బెజ్జం బెజ్జానికీ క్లీకోలు, అంటే రివిట్ పడేదాకా రేకుల్ని పట్టి ఉంచే స్ప్రింగు పిన్నులు, గుచ్చు. పనసకాయలా కనబడాలి రడ్డర్. అంచుకి కన్ను ఆనించి, చూరు వాసం చూసినట్టు చూడు. యాంగిల్ నిటారుగా ఉందా లేదా ముందే దారం కట్టి సరిచూసుకోవాలి. నాది మొదటిసారి వంకరగా వచ్చింది యాంగిల్ వంకర వల్లే, తెలివిగా దాన్నే అచ్చుగా వాడాను. రెండు మూడు రోజులు ముట్టుకోకుండా ఆరనివ్వు.

ఆరాక వరసగా ఒక చివర నుంచి కొట్టుకుంటూ పోకు. అలా కొడితే రేకు సాగుతూ సాగుతూ చివరికి కొడవలి ఆకారం తిరుగుతుంది. పదో బెజ్జానికి ఒకటి, మళ్ళీ వాటి మధ్యలో ఒకటి, మళ్ళీ మధ్యలో. అటొకటి ఇటొకటి, కీర్తనలో తాళం వేసినట్టు, తొందర లేకుండా. మొదట సగం మాత్రమే దించు, రెండో విడత పూర్తిగా దించు.

రడ్డర్, ఎలివేటర్ రేకుల లోపలి కమ్మీలకి రివిట్లు కొట్టేటప్పుడు కింద ఉక్కు పలక పెట్టుకుంటావు కదా, ఆ పలక అంచు ఎక్కడో రేకు పైన టేపుతో గుర్తు పెట్టుకో. నేను పెట్టుకోలేదు. పలక అయిపోయింది, బల్ల చెక్క మీద కొట్టాను. రివిట్ రేకుతో సహా చెక్కలోకి దిగింది. ఎలివేటర్ కింద వైపు ఇప్పటికీ ఆ సొట్ట ఉంది. పైలట్ మిత్రులు ఎగరబోయే ముందు విమానం చుట్టూ తిరిగి చూస్తారు కదా, ప్రతివాడూ అక్కడ వంగి వేలితో తడిమి, నా వైపు చూస్తాడు.

ప్రశ్న: ఆర్యా, రిటైరైన లెక్కల మాస్టారిని. ఇంట్లో విమానం కడితే సర్కారు ఊరుకుంటుందా? మన దేశంలో కుదురుతుందా? తోకతోనే ఎందుకు మొదలు? (తెనాలి)

జవాబు: మాస్టారూ, నమస్కారం. అమెరికాలో ఊరుకోవడమే కాదు, దానికో నిబంధనే రాసిపెట్టారు. పనిలో సగానికి పైగా, అంటే వాడుకలో 51 శాతం, కట్టినవాడే చేయాలి, అదీ నేర్చుకోవడానికో సరదాకో తప్ప వ్యాపారానికి కాదు. ప్రతి రోజూ పనిని ఫొటోలతో సహా రాసుకోవాలి. కట్టాక తనిఖీ అవుతుంది, లోపలికి ఎక్కేచోట "ఎక్స్‌పెరిమెంటల్" అని పెద్ద అక్షరాలతో రాయాలి. మామూలుగా మొదటి 25 గంటలో 40 గంటలో సరదాకి ఎవర్నీ ఎక్కించుకోకుండా ఎగిరి పరీక్షించాలి. నాకు 40.

మన దేశంలో దారి ఉంది గాని సన్నం. ముంబయిలో అమోల్ యాదవ్ అనే పైలట్ కాందివలీలో తమ ఇంటి డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టి, 2016లో ముంబయి మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో పెట్టాడు. మన విమానయానాన్ని అదుపు చేసే డీజీసీఏ నుంచి రిజిస్ట్రేషన్ చేతికొచ్చింది 2017లో. అదీ ఏళ్ళ తరబడి తిరిగాక. మనవాళ్ళే బయటి దేశంలో కట్టుకున్నదీ ఉంది. కేరళకి చెందిన అశోక్ తామరాక్షన్ ఇంగ్లండులో ఉంటూ లాక్‌డౌన్ కాలంలో స్లింగ్ కంపెనీ నాలుగు సీట్ల కిట్ కట్టుకుని, దానికి కూతురి పేరు కలిసొచ్చేలా జీ-దియా అని నంబరు తీసుకున్నాడు.

తోక ముందెందుకంటే, చిన్నది కాబట్టి. కిట్ అమ్మేవాళ్ళు తోక, రెక్కలు, శరీరం విడివిడిగా అమ్ముతారు. తర్వాత రెక్కల్లో, శరీరంలో చేయాల్సిన ప్రతి పనీ తోకలో కొంచెం కొంచెం ఉంటుంది. బెజ్జం తొలవడం, దాని ముళ్ళు తీయడం, రేకుకి గుంట నొక్కడం, రివిట్ కొట్టడం, వంచడం, సీసం తూచడం. అక్కడే విసుగు పుడితే పోయేది తోక ఖరీదే. ఇంజనూ, పరికరాలూ కొన్నాక విసుగు పుడితే కొంప మునుగుతుంది. ఇక్కడ సగం కట్టిన తోకలు అమ్మకానికి తరచుగానే వస్తుంటాయి. కుక్క తోక పట్టుకుని గోదావరి ఈదబోయి, ఒడ్డున్నే వదిలేసినవాళ్ళవి. వాళ్ళని నేను తప్పుపట్టను, మధ్యలో వదిలినవాళ్ళ కంటే తెలివైనవాళ్ళే.

ప్రశ్న: రేకు తినేసుకుపోకుండా ముందుగా వేసే పూత, అదే ప్రైమర్, వేయాలా వద్దా? (ఒక పాఠకుడు, చికాగో)

జవాబు: ఈ ప్రశ్న నలుగురు కట్టేవాళ్ళున్న గదిలో అడక్కు, భోజనాలు చల్లారిపోతాయి. రేకు పైన శుద్ధ అల్యూమినియం పొర ఉంటుంది, పొడి ప్రాంతంలో అది చాలు. సముద్రం దగ్గరైతే వెయ్యి. నేను రెండు రేకులు కలిసే చోట మాత్రం వేశాను.

ప్రశ్న: తోక పూర్తయింది అంకుల్! రెక్కల కిట్ రావడానికి ఇంకా చాలా నెలలు. ఇది ఎక్కడ పెట్టను? గరాజ్‌లో మా పిల్లల సైకిళ్ళు తగులుతున్నాయి. (ఒక పాఠకుడు, సియాటిల్)

జవాబు: ముందు అభినందనలు, బాబూ. గరాజ్‌లో మాత్రం ఉంచకు. ఇంత కష్టపడింది సైకిలు హ్యాండిల్ దెబ్బకి సొట్ట పోతే నువ్వూ ఏడుస్తావు, పిల్లలూ ఏడుస్తారు. ఇంట్లోకి తెచ్చెయ్యి. బరువేమీ ఉండదు, ఇద్దరు ఎత్తితే వచ్చేస్తుంది.

రడ్డర్, ఎలివేటర్లు నేను దుప్పట్లలో చుట్టి పరుపు వెనక నిలబెట్టాను. హారిజాంటల్ స్టెబిలైజర్ మంచం కంటే పొడుగు, ఎక్కడా పట్టలేదు. గెస్ట్ రూమ్ కప్పుకి దూలాలు వెతికి, కొక్కాలు బిగించి, రెండు వెడల్పాటి పట్టీలతో వేలాడదీశాను. మూడేళ్ళు అక్కడే ఉంది. ఆ మధ్యలో మా అమ్మ విజయవాడ నుంచి ఆరు నెలలకి వచ్చింది. మొదటి రాత్రి పడుకుని పైకి చూసి, "ఏరా, ఇది ఫ్యాను కాదుగా, తిరగదుగా?" అంది. తిరగదమ్మా అన్నాను. "నువ్వే బిగించావా?" అంది. అవునన్నాను.

కాసేపటికి చూస్తే దిండు తీసుకెళ్ళి మంచం రెండో చివర పెట్టుకుని, గోడ వైపు తల పెట్టి పడుకుని ఉంది. పొద్దున్న కొక్కాలు ఇంకో రెండు వేశాను.